వ్యవసాయ ఫీడర్లకు సోలార్: ఇద్దరు కన్సల్టెంట్లను పెట్టుకుని చూశాం, నా అనుభవం ఇది

34 ఏళ్లు కరెంటు డిపార్టుమెంటులో చేసి రిటైరయ్యాను. సర్వీసు చివర్లో రాయలసీమలో వ్యవసాయ ఫీడర్లకు, అంటే సబ్‌స్టేషన్ నుంచి రైతుల మోటార్లకు కరెంటు తెచ్చే లైన్లకు, సోలార్ పెట్టే ప్రణాళిక కోసం రెండుసార్లు కన్సల్టెంట్లను తీసుకున్నారు. రెండు కమిటీల్లోనూ నేనున్నాను. టెండరు కాగితాలు రాసినవాళ్లలో ఒకణ్ని, వచ్చిన రిపోర్టులను మొదటి పేజీ నుంచి చివరిదాకా చదివినవాణ్ని. ఇంటికి మిక్సీ కొనాలన్నా నలుగురిని అడిగి కొంటాం. కోట్ల రూపాయల ప్రజల సొమ్ము ఎక్కడ పెట్టాలో చెప్పే మనిషిని కుదుర్చుకునేటప్పుడు మాత్రం అడగడానికి ఎవరూ దొరకరు. నాకప్పుడు దొరకలేదు. అందుకే రాస్తున్నాను. ఏ సంస్థ పేరూ చెప్పను. మొదటిదాన్ని పెద్ద సంస్థ అంటాను, రెండోదాన్ని చిన్న బృందం అంటాను.

పథకం సంగతి ముందు చెప్పాలి. వ్యవసాయానికి సోలార్ కరెంటు వాడేలా కేంద్రం 2019లో పీఎం కుసుమ్ పథకం తెచ్చింది. 2020 డిసెంబరులో అందులోనే ఫీడర్ సోలరైజేషన్ చేర్చింది. అంటే ఒక్కో బోరుకు విడిగా ప్యానెళ్లు పెట్టకుండా, రైతుల మోటార్లకు కరెంటిచ్చే 11 కేవీ ఫీడర్ మొత్తానికి సబ్‌స్టేషన్ దగ్గర్లో ఒక సోలార్ ప్లాంటు కడతారు. రైతు తన బోరు దగ్గర ఏమీ మార్చుకోనక్కర్లేదు. కేంద్రం ఖర్చులో 30 శాతం, మెగావాట్‌కు 1.05 కోట్ల దాకా ఇస్తామంది. దూరం నుంచి బొగ్గు కరెంటు తెచ్చి ఉచితంగా ఇచ్చే బదులు ఊరి పక్కనే పుట్టిన కరెంటు ఇస్తే లైన్‌లాస్ తగ్గుతుంది, సబ్సిడీ భారం తగ్గుతుంది, పగలే నీళ్లు పారించుకోవచ్చు. ఈ పథకం మీద నాకు నమ్మకం ఉంది. రాత్రి కరెంటుకు బోరు దగ్గరికి వెళ్లి పాము కరిచి పోయినవాళ్లనూ, తడి చేత్తో స్టార్టర్ ముట్టుకుని పోయినవాళ్లనూ నా సర్వీసులో చూశాను. కాబట్టి ఈ పని తప్పుగా జరిగితే నాకు బాధ.

ఏ ఫీడర్‌కు ఎన్ని మెగావాట్లు పెట్టాలి, స్థలం ఎక్కడ, డబ్బు ఎలా, ఏది ముందు, ఏది తర్వాత? ఇది తేల్చడమే కన్సల్టెంట్ పని.

మొదటిసారి క్యూసీబీఎస్ పద్ధతిలో, అంటే నాణ్యతకూ ధరకూ కలిపి మార్కులు వేసే పద్ధతిలో పిలిచాం. టెక్నికల్‌కు 70, ధరకు 30 మార్కులు. పెద్ద సంస్థకు టెక్నికల్‌లో అందరికంటే ఎక్కువ వచ్చాయి. ఎందుకొచ్చాయంటే, వాళ్లిచ్చిన బయోడేటాలు అలాంటివి. టీమ్ లీడర్‌కు పాతికేళ్లు దాటిన అనుభవం. గ్రిడ్ నిపుణుడు, ఫైనాన్స్ నిపుణుడు, సామాజిక అంశాల నిపుణురాలు. ఆ పేర్లు చూసి మార్కులు వేసినవాళ్లలో నేనూ ఉన్నాను. పని మొదలయ్యాక టీమ్ లీడర్ కనపడింది రెండుసార్లు: మొదటి మీటింగుకు, చివరి మీటింగుకు. గ్రిడ్ నిపుణుడు నెల తిరక్కుండా వేరే ప్రాజెక్టుకు వెళ్లిపోయాడు. మా దగ్గర కూర్చున్నది చదువు పూర్తయి ఏడాది కూడా కాని ఇద్దరు పిల్లలు. తెలివైన పిల్లలే, రాత్రి పదింటి దాకా పని చేసేవాళ్లు. వాళ్లను నేను తప్పుపట్టను. కానీ 11 కేవీ ఫీడర్‌ను దగ్గరగా చూడ్డం వాళ్లకు అదే మొదటిసారి. చూపించాల్సినవాళ్లు పక్కన లేరు.

మొదటి ప్రెజెంటేషన్ 64 స్లైడ్లు. దేశం పెట్టుకున్న లక్ష్యాలు (2030కి బొగ్గు, చమురు, గ్యాస్ లేకుండా 500 గిగావాట్లు, 2070కి నెట్ జీరో), దక్షిణాఫ్రికాలో 2022 అక్టోబరులో మూసేసిన కొమాటి థర్మల్ స్టేషన్. కొమాటి కథ ముఖ్యమైనదే. బొగ్గు మీద బతికే కొత్తగూడెం, గోదావరిఖని లాంటి ఊళ్లలో దాన్ని కూర్చుని చదవాలి, స్టేషన్ మూతపడ్డాక అక్కడి కుటుంబాలు ఏమయ్యాయో తెలుసుకోవాలి. కానీ మేం అడిగింది మా మండలంలో వేరుశనగ పండించే రైతు ఫీడర్ గురించి. దాని మీద ఆ రోజు మూడు స్లైడ్లున్నాయి.

అసలు దెబ్బ లెక్కలో తగిలింది. ఇది కాస్త వివరంగా చెబుతాను, ఎందుకంటే కన్సల్టెంట్ మంచివాడా కాదా అనేది ఇక్కడే తేలిపోతుంది.

మా దగ్గర అప్పటికి వ్యవసాయ మోటార్లకు మీటర్లు లేవు. అందుకని ఫీడర్ వాడకం ఎంతో ఎవరైనా అంచనా వేయాల్సిందే. ఒక ఫీడర్ తీసుకుందాం. రికార్డులో 412 సర్వీసులు, అన్నీ 5 హెచ్‌పీవి. పెద్ద సంస్థ ఏం చేసిందంటే, 412ను 5తో గుణించింది, కిలోవాట్లలోకి మార్చింది, రోజుకు 9 గంటలు, ఏడాదికి 365 రోజులు వేసింది. సుమారు 50 లక్షల యూనిట్లు వచ్చింది. ఒక మెగావాట్ ప్లాంటు 19 శాతం సీయూఎఫ్ మీద, అంటే ఏడాది పొడవునా పూర్తి జోరున నడిస్తే వచ్చేదాంట్లో 19 శాతం వస్తుందనుకుంటే, ఏడాదికి 16.6 లక్షల యూనిట్లిస్తుంది కాబట్టి, ఈ ఫీడర్‌కు 3 మెగావాట్లు కావాలని రాసింది. కూడిక, గుణకారం అన్నీ సరిగ్గానే ఉన్నాయి. కానీ అదే ఫీడర్‌కు సబ్‌స్టేషన్‌లో మీటరుంది. షిఫ్ట్ ఆపరేటర్ గంట గంటకూ లాగ్ బుక్‌లో రీడింగ్ రాస్తాడు. ఏడాది మొత్తం కూడితే 31 లక్షలు. అంటే 1.9 మెగావాట్లు చాలు. ఆ తేడాకు నాలుగెకరాల పైచిలుకు భూమి, కోట్ల రూపాయల పెట్టుబడి అదనం. ఒక్క ఫీడర్‌లోనే ఇంత తేడా ఉంటే, ఇలాంటివి వందల ఫీడర్లకు అదే సూత్రం వేసుకుంటూ పోతే ఎక్కడికి చేరతామో ఆలోచించండి.

తేడా ఎందుకొచ్చిందో మా సీనియర్ లైన్‌మన్ నిమిషంలో చెప్పాడు. "సార్, ఫిబ్రవరి దాటితే సగం బోర్లు గాలి తోస్తాయి. మూడు గంటలు ఆడితే ఆ బోరు బాగున్నట్టు లెక్క. వాన పడిందంటే ఎవరూ స్టార్టర్ జోలికి పోరు. ఎండిపోయిన బోర్ల సర్వీసులు కూడా రికార్డులో అట్లే ఉండాయి." ఇంకో మాట కూడా అన్నాడు: "రాసింది 5, దించింది ఏడున్నర." అంటే యూనిట్లు తక్కువే అయినా, కరెంటొచ్చిన నిమిషాన ఆటో స్టార్టర్లతో మోటార్లన్నీ ఒక్కసారే ఎత్తుకుంటే లోడు రికార్డులో ఉన్నదాన్ని మించిపోతుంది. పెద్ద సంస్థ రిపోర్టు ఏడాది వాడకాన్ని ఎక్కువ చూపించింది, పీకు లోడును తక్కువ చూపించింది. రెండువైపులా తప్పు. ఆ లాగ్ బుక్ వాళ్లు కూర్చున్న గదికి 20 కిలోమీటర్ల దూరంలో ఉంది. ఆరు నెలల్లో ఎవరూ వెళ్లి తెరవలేదు.

స్థలాల విషయమూ అంతే. ఉపగ్రహ చిత్రాలు పెట్టుకుని, సబ్‌స్టేషన్‌కు 5 కిలోమీటర్ల లోపల ఖాళీగా కనిపించిన చోటల్లా పచ్చరంగు వేశారు. సీమలో ఖాళీగా కనిపించేది ఖాళీ కాదు. ఒకటి ప్రభుత్వం పేదలకిచ్చిన డీ పట్టా భూమి, ఒకటి రికార్డులో యజమాని పేరు చోట చుక్కలే ఉన్న చుక్కల భూమి, ఇంకొకటి రిజిస్ట్రేషన్ల నిషేధిత జాబితాలో ఉండి ఎటూ తేలనిది. గుట్ట పోరంబోకు అని రాసుకున్నచోట ఊరి గొర్రెలన్నీ మేస్తాయి. అక్కడ కంచె వేస్తే కాపరులు ఎక్కడికి పోవాలో రిపోర్టులో ఒక్క వాక్యం లేదు. రైతులతో సంప్రదింపులు అన్న అధ్యాయం మాత్రం ఉంది. మండల ఆఫీసులో ఒక పూట నలభై మందిని కూర్చోబెట్టి సంతకాలు తీసుకున్నారు. ఆ రోజు ఒక పెద్దాయన లేచి, "సోలార్ పెట్టినాక ఫ్రీ కరెంటు తీసేస్తారా, మీటర్లు బిగిస్తారా?" అని అడిగాడు. ఆ ప్రశ్న అందరి మనసులోనూ ఉంది. జవాబు దొరకలేదు. రిపోర్టులో ఆ ప్రశ్న కూడా లేదు.

పెద్ద సంస్థ చేసిన మంచి పని కూడా చెప్పాలి. ఫైనాన్స్ భాగం గట్టిగా ఉంది. కరెంటు పంపిణీ సంస్థ, అంటే డిస్కమే అప్పు తెచ్చి కట్టుకుంటే యూనిట్ ఎంత పడుతుంది, ప్రైవేటు డెవలపర్ కట్టి 25 ఏళ్లు అమ్మితే ఎంత, వడ్డీ ఒక శాతం పెరిగితే ఏమవుతుంది, కేంద్రం డబ్బు ఆలస్యమైతే ఎవరి మీద పడుతుంది, అన్నీ స్పష్టంగా రాశారు. ఒప్పందం ముసాయిదాలో డెవలపర్ డబ్బు ఎగ్గొట్టకుండా, డిస్కం బిల్లు ఆపకుండా పెట్టిన షరతులు మాకు చేతనయ్యేవి కావు. ఆ భాగాన్ని తర్వాత కూడా వాడుకున్నాం. బ్యాంకులతో, కేంద్రంతో మాట్లాడే పని ఉంటే పెద్ద సంస్థకు ఆ అలవాటు, ఆ భాష ఉంటాయి. దానికి డబ్బు పెట్టడం దండగ కాదు.

కానీ లెక్కంతా పీడీఎఫ్‌లో ఇచ్చారు. ఎక్సెల్ ఫైలు అడిగితే అది తమ సొంత మోడల్ అన్నారు. సరఫరా గంటలు మారితే ఏమవుతుందో చూసుకోవడానికి మాకు దారి లేదు. కాంట్రాక్టులో ఫైలు ఇవ్వాలన్న షరతు లేదు. ఆ షరతుల పేజీ రాసింది నేనే. డ్రాఫ్ట్ రిపోర్టు ఇచ్చేసరికే 60 శాతం డబ్బు చెల్లించేలా రాసిందీ నేనే. తర్వాత వాళ్లకు తొందర లేకపోయింది, మాకు పట్టు లేకపోయింది. నా సర్వీసులో నేను చేసిన పెద్ద పొరపాట్లలో అదొకటి.

రెండోసారి పరిధి తగ్గించాం. ఒకే డివిజన్, కొన్ని ఫీడర్లు. ముగ్గురే మనుషులున్న చిన్న బృందం వచ్చింది: ఇద్దరు ఇంజినీర్లు, సబ్‌స్టేషన్లలో పనిచేసి రిటైరైన ఒకాయన. వాళ్లు దరఖాస్తులో స్లైడ్లు పెట్టలేదు. మేమిచ్చిన ఒక ఫీడర్ డేటా మీద రెండు పేజీల నోటు రాశారు, అందులో మా డేటాలో తప్పులు చూపించారు. మార్చి నెల రీడింగులు ఫిబ్రవరివే తిరిగి రాసినట్టున్నాయి, చూసుకోండి అన్నారు. చూస్తే నిజమే. మీటరు చెడిపోతే ఆపరేటర్ పాత అంకెలే వేశాడు. డబ్బు తీసుకోకముందే మన తప్పు మనకు చెప్పినవాళ్లు, తీసుకున్నాక కూడా దాచరని నాకు అనిపించింది.

ఆ ఇంజినీర్లలో ఒకమ్మాయి. మే నెల ఎండలో మా లైన్‌మన్‌తో పాటు ఫీడర్ వెంట నడిచింది. మండలంలోని లాడ్జిలో పదకొండు రోజులున్నారు. టాంగ్ టెస్టర్ పట్టుకుని 62 మోటార్ల దగ్గర ఆంపియర్లు కొలిచారు. అందులో 17 ఆడటమే లేదు, బోర్లు ఎండిపోయాయి. ఆడుతున్నవాటిలో చాలా మోటార్లు రాసినదానికంటే ఎక్కువ లాగుతున్నాయి, లైను మీద భారం తగ్గించే కెపాసిటర్లు ఎక్కడా లేవు. ఒక రైతు భార్య ఆ అమ్మాయికి మజ్జిగ ఇచ్చి, "ఈ ఎండలో తిరుగుతావే పాపా, మీ ఆఫీసులో ఫ్యాను లేదా?" అంది. అక్కడే, ట్రాన్స్‌ఫార్మర్ పక్కన చింతచెట్టు కింద కూర్చుని మాట్లాడితే, మండల ఆఫీసులో రాని సంగతులన్నీ బయటికొచ్చాయి. ఎవరు ఏ పూట నీళ్లు పెడతారు, పక్కవాడికి నీళ్లు ఎవరు అమ్ముతారు, టమాటాకు ఏ వారంలో తప్పకుండా తడి కావాలి. మీటర్ల ప్రశ్న మళ్లీ వచ్చింది. ఆ అమ్మాయి తనకు తెలిసినంతే చెప్పింది: ఈ ప్లాంటు కోసం బోరు దగ్గర మీటరు అవసరం లేదు, కొలిచేది సబ్‌స్టేషన్‌లోనే, ప్రభుత్వం రేపు వేరే నిర్ణయం తీసుకుంటే అది నా చేతుల్లో లేదు. ఆ మాటకు వాళ్లు ఒప్పుకున్నారు. అబద్ధపు హామీ ఇవ్వకపోవడం వల్లే ఒప్పుకున్నారని నేననుకుంటాను.

వాళ్లు తేల్చిన ముఖ్యమైన విషయం ఇది. ఏడాది మొత్తానికి యూనిట్లు సరిపోవడం ఒక్కటే చాలదు, ఏ గంటకు ఆ గంట చూడాలి. మా ఫీడర్లు గ్రూపులుగా ఉన్నాయి, ఒక్కో గ్రూపుకు ఒక్కో వేళ కరెంటిస్తారు. ఒక గ్రూపుకు పొద్దు పొడవకముందే కరెంటు మొదలయ్యేది. ఆ వేళకు సోలార్ లేదు. ఆ గ్రూపు మోటార్లు ఆగిపోయే సమయానికి ప్లాంటు పూర్తి జోరులో ఉంటుంది. వాన పడిన రోజు, మోటార్లు ఆడక, తెరిపిచ్చి ఎండ కాస్తే ప్లాంటు కరెంటంతా వెనక్కి సబ్‌స్టేషన్‌కు వస్తుంది. అక్కడున్న 5 ఎంవీఏ పవర్ ట్రాన్స్‌ఫార్మర్ ఆ మేరకు తట్టుకుంటుందా, వోల్టేజీ ఎంత పెరుగుతుంది, పక్క ఫీడర్‌లో ఇళ్లకు ఏమవుతుంది? ఇవన్నీ గంటల వారీగా వేసి చూపించారు. ఖర్చు లేని సలహా ఒకటిచ్చారు: గ్రూపుల గంటలను జరపండి, పొద్దెక్కాక మొదలుపెట్టండి, అప్పుడు ప్లాంటు చిన్నదైనా చాలుతుంది. ఆ ఒక్క పేరా కోసమే వాళ్లకు ఫీజు ఇవ్వొచ్చు.

లోపాలూ ఉన్నాయి. ఆరు వారాలు ఆలస్యం చేశారు. భూముల విషయంలో బలహీనం. రెవెన్యూ రికార్డులు చదవడం వాళ్లకు రాదు, చివరికి రిటైరైన తహసీల్దార్ ఒకాయన్ని మేమే బతిమాలి తెచ్చుకున్నాం. ఫైనాన్స్ భాగం పలచగా ఉంది. రిపోర్టు పూర్తిగా ఇంగ్లిషులో ఉంది, రైతులకు, లైన్‌మన్లకు పంచడానికి తెలుగులో ఒక్క పేజీ కూడా లేదు. అడిగితే కాంట్రాక్టులో లేదన్నారు. అదీ నిజమే.

రెండోసారి కాంట్రాక్టులో మార్చినవి మాత్రం బాగా పనికొచ్చాయి. బయోడేటాలో పేరున్న మనిషి ఫీల్డులో ఎన్ని రోజులుండాలో అంకె వేశాం, మనిషి మారితే ఫీజు కోత. ఎక్సెల్ ఫైలు తాళం లేకుండా మాకే చెందాలని రాశాం. అన్నిటికంటే పనికొచ్చింది, ఆఖరి 25 శాతం డబ్బు ఆపి పెట్టడం. రిపోర్టు ఇస్తే ఆ డబ్బు రాదు. మా ఏఈలు (అసిస్టెంట్ ఇంజినీర్లు) ఇద్దరు, కన్సల్టెంట్ గదిలో లేకుండా, కొత్త ఫీడర్ ఒకటి తీసుకుని ఆ షీట్‌లో లెక్క చేసి చూపించగలిగితేనే వస్తుంది. ఆ షరతు వల్ల వాళ్లు మా ఏఈలను పక్కన కూర్చోబెట్టుకుని నేర్పారు. మొదటి ప్రయత్నంలో మావాళ్లు తప్పారు. ఇంకో మూడు రోజులు నేర్పి, మళ్లీ చేయించారు. అప్పుడు కుదిరింది.

డిస్కంలో గానీ, మున్సిపాలిటీలో గానీ, సహకార సంఘంలో గానీ ఇలాంటి పనికి ఎవరినైనా కుదుర్చుకోబోయేవాళ్లకు నా మాట: పిలవడానికి ముందు మీ దగ్గరున్న ఒక ఫీడర్‌నో, ఒక పంపుహౌస్‌నో తీసుకుని మీరే లెక్క వేసుకోండి. తప్పొచ్చినా పర్లేదు. అప్పుడే ఏం అడగాలో తెలుస్తుంది. మేం మొదటిసారి ఆ పని చేయకుండా, "సమగ్ర రోడ్‌మ్యాప్ కావాలి" అని రాశాం. అడిగింది అదే కాబట్టి వాళ్లు అదే ఇచ్చారు. ఢిల్లీలో రాసిన పథకంలో మంచి ఉద్దేశం ఉంది, డబ్బుంది, నిబంధనలున్నాయి. మీ సబ్‌స్టేషన్‌లో ఎన్ని గంటలకు మోటార్లు ఎత్తుకుంటాయో అందులో ఉండదు. అది మీరు చెప్పాలి, లేదా వెళ్లి చూసే మనిషిని పెట్టుకోవాలి.

రేటింగు అడిగితే, పెద్ద సంస్థకు 5కి 2. ఆ రెండూ ఫైనాన్స్ భాగానికి. చిన్న బృందానికి 4.

మొన్న మా ఏఈ ఒకతను ఫోన్ చేశాడు. నేను రిటైరైనా ఇంకా "సార్" అనే పిలుస్తాడు. కొత్తగా వేరు చేసిన ఫీడర్‌కు షీట్‌లో లెక్క వేస్తున్నాడట, మోటార్లు ఆడే గంటల కాలమ్‌లో ఏప్రిల్‌కు ఎంత వేయాలని అడిగాడు. నన్నడగొద్దు, లాగ్ బుక్ తెచ్చుకో, లైన్‌మన్‌ను అడుగు అన్నాను. "రెండూ అయినాయి సార్, మీరేమంటారో చూద్దామని," అన్నాడు. అతను వేసుకున్న అంకె 3.5. నేనైనా అదే వేసేవాణ్ని.

చిన్న బృందాన్ని మళ్లీ పిలుస్తారా అంటే, పిలుస్తాను. రెవెన్యూ రికార్డులు తెలిసిన మనిషి మొదటి రోజు నుంచే బృందంలో ఉండాలి, రైతులకు తెలుగులో నాలుగు పేజీలు రాసివ్వాలి. ఈ రెండూ ఈసారి కాంట్రాక్టులోనే రాయించమని మా ఏఈకి చెప్పాను.